అడగని ఎరువు

సగ్రారియో ముసలమ్మ పెరట్లో, టమాటా మొక్కల నడుమ, నిలబడిపోయిన ఒటిలియాను పోయిన వారం మనం అక్కడే విడిచి వచ్చాము. పాలోబ్లాంకో కొండవాలు మీద ప్రతి మడిలోనూ టమాటా ఆకులు పిడికిళ్ళలా ముడుచుకుని, చిక్కుడు కొనలు మెలికలు తిరిగి, పూత రాలి చచ్చిపోతూ ఉంటే, ఆ ఒక్క పెరట్లో మాత్రం మొక్కలు నిటారుగా నిలిచి కాయల బరువుకు వంగుతున్నాయి. అవి కూడా బ్రిసేయ్దా నారుమడి నుంచి వచ్చిన మొక్కలే. ఏ నారు తెగులు తెచ్చిందని ఊరంతా నమ్ముతున్నదో, ఆ నారే. తేడా ఒక్కటే. సగ్రారియోకు తుంటి నొప్పి. రైతుల పునీతుడు సాన్ ఇసిద్రో పండుగనాడు గుడి ముందు పంచిన ఎరువులో ఆమె వంతు ఇంకా గోడవారన, ప్లాస్టిక్ పట్టా కింద, పోసింది పోసినట్టే ఉన్నది.

మరునాడు ఆదివారం. పూజ ముగియగానే రైతు సంఘం కూర్చుంటుంది. బ్రిసేయ్దాను సంఘం నుంచి తొలగించి, ఆమె నారుమడి ఉన్న సంఘం భూమిని వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది అక్కడ చేతులెత్తి తేలుస్తారు. చేతులు ఎటు లేస్తాయో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ సంఘానికి అధ్యక్షురాలు ఒటిలియా. పండుగకు వచ్చిన ఎరువును ఎంచి పంచింది కూడా ఆమే.

సగ్రారియో పెరటి తలుపు దగ్గరగా వేసి, ఉన్ని రువానాను భుజాల మీదికి లాక్కుని, ఒటిలియా తన ఇంటి దారి పట్టలేదు. ఆ ఎరువు ఇచ్చిన దోన్ కుస్తోదియో పశువుల మకాము ఉన్న పై దారి పట్టింది.

ఎరువును ఎంచడం ఒటిలియాకు తల్లి నేర్పిన విద్య. గుప్పెట్లో పట్టి పిసికితే ముద్ద కావాలి, వేలితో పొడిస్తే ఆ ముద్ద విరిగిపోవాలి. తొలి వాన పడిన నేల వాసన రావాలి గాని పేడ వాసన మిగిలి ఉండకూడదు. కుప్ప నడుమ చెయ్యి దూర్చితే వేడి తగలకూడదు. ఇవన్నీ కుదిరిన తరువాత, చిట్టచివర, ఎరువును అడగాలి. అడగడమన్నది ఆ కొండ మీది మాట. పాతడబ్బాలో ఎరువు కలిపిన మన్ను పోసి చిక్కుడు గింజలు పెడతారు. పక్కనే మరో డబ్బాలో ఉత్త మన్ను పోసి అవే గింజలు పెడతారు. మూడో ఆకు విచ్చేదాకా ఓపిక పడతారు. రెండింటిలోనూ ఆకు చదునుగా విచ్చుకుంటే ఎరువు ఔనన్నట్టు. ఎరువున్న డబ్బాలో ఆకు ముడుచుకుంటే కాదన్నట్టు. ఒక ఏడు లోయలోని కోళ్ళఫారం పెంటను అలాగే అడిగి, కాదంటే బండితో సహా తిప్పి పంపారు. సున్నపు బట్టీ నుంచి వచ్చిన పొడిని అడిగారు. సొంత అన్నదమ్ములు ఇచ్చిన దానినీ అడిగారు. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకు పాలు పట్టేముందు చెంచా అంచు పెదవికి ఆనించి చూసుకున్నట్టు, అది పెద్దల జాగ్రత్త.

ఈ ఏడు అడగలేదు.

దోన్ కుస్తోదియో ఆ ఎరువును అమ్మలేదు. సాన్ ఇసిద్రోకు కానుకగా ఇచ్చాడు. కాగితపు పూలు కట్టిన ఎద్దుబండ్లు గుడి ముందు వరుసగా నిలిచాయి. విత్తనాల బుట్టలతో, కాడి దుంగలతో పాటు ఆ ఎరువు కుప్పల మీద కూడా ఫాదర్ దీవించిన నీళ్ళు చల్లారు. నల్లగా, పొడిపొడిగా, వానపాములతో నిండి ఉన్నది ఆ ఎరువు. ఒటిలియా గుప్పెట్లో పట్టి చూసింది, వాసన చూసింది, లోపలికి చెయ్యి దూర్చింది. చివరి పని మాత్రం మానింది. దీవించిన దానిని చిక్కుడు గింజతో పరీక్షించడమంటే దేవుని మాటకు జామీను అడిగినట్టు కదా అని ఊరు ఊరంతా అనుకున్నది. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో ఒటిలియాకు ఆ మధ్యాహ్నం, ఎండలో కొండ ఎక్కుతూ ఉండగా, గుర్తు రాలేదు. గుర్తు చేసే మనిషి పైన ఎదురు చూస్తున్నాడు.

మకాము దగ్గర పడుతున్న కొద్దీ ఆమె అడుగు నెమ్మదించింది. అలసట వల్ల కాదు. అటూ ఇటూ పచ్చిక పరుచుకుని ఉన్నది. నిరుడు ఇదే దారిలో ముళ్ళపొదలు పావడా అంచు పట్టి లాగేవి. అడవిచిక్కుడు తీగలు కంచె నిండా పాకేవి. ఇప్పుడు గడ్డి తప్ప మరొక ఆకు లేదు. దువ్విన తలలా ఉన్నది నేల. ఇంత శుభ్రమైన పచ్చికను ఆమె తన జీవితంలో చూడలేదు. ఆ శుభ్రతకే ఆమె గుండె జారింది.

దోన్ కుస్తోదియో వసారాలో కూర్చుని ఉప్పుగడ్డలను సుత్తితో పగలగొడుతున్నాడు. ఆవులు కంచెకు ఆనుకుని, ఆయన చేతుల వైపే చూస్తూ నిలబడి ఉన్నాయి.

"రండి, దొన్యా ఒటిలియా. ఈ ఎండలో నడిచొచ్చారా? గాడిదకి సెలవిచ్చారా?"

"నా పాపం మోయడానికి గాడిద ఒప్పుకోలేదు."

"అబ్బో. అయితే ఫాదర్ దగ్గరకు పోవాల్సింది, దారి తప్పి నా దగ్గరకొచ్చారు." ఆయన నవ్వి, లోపలికి చూసి కేక వేయబోయాడు. "కాఫీ తాగుతారా, బెల్లంనీళ్ళు పెట్టించనా?"

"ఏదీ వద్దు. ఒక్క మాట అడిగి పోతాను. ఆ పచ్చికకి ఏం కొట్టారు?"

సుత్తి ఆగింది. మళ్ళీ పడింది.

"కలుపుమందు. అందరూ కొట్టేదేగా."

"ఎప్పుడు?"

"ఈస్టర్ ముందు తపస్కాలంలో. వానలు రాకముందు."

"కొట్టాక ఆవుల్ని అందులోనే మేపారా?"

"మేపక? అవి కూడా మీలాగా తపస్కాలం ఉపవాసాలుంటాయా? అమ్మినవాడు చెప్పాడు, పశువుకేం కాదని. అయిందా? చూడండి, ఎలా నిగనిగలాడుతున్నాయో."

"వాటికేం కాలేదు. మందు వాటిలో ఆగలేదు. పేడతో బయటికొచ్చింది."

"అదంతా మీ ఊహ."

"ఊహే అనుకుందాం. ఆ మందు దేన్ని చంపుతుంది?"

"ముళ్ళపొదల్ని. తీగల్ని. వెడల్పాకు ఉన్నవాటిని."

"గడ్డిని?"

"గడ్డినేం చెయ్యదు. అందుకేగా అంత పోసి కొంటాం."

"మొక్కజొన్న గడ్డిజాతి, దోన్ కుస్తోదియో. మా మళ్ళల్లో అది గుర్రం ఎత్తున ఎదిగింది. టమాటా, చిక్కుడు వెడల్పాకువి. అవే పోయాయి."

ఆయన సుత్తి నేల మీద పెట్టాడు. ఒక ఆవు కంచె మీదుగా నాలుక చాచి, అందని ఉప్పు కోసం గాలిని నాకింది.

ఊరంతా ఆ మొక్కజొన్నను చూసే మోసపోయింది. మట్టిలో దోషముంటే మొక్కజొన్న కూడా పోవాలి కదా, అది పోలేదు కాబట్టి దోషం మట్టిది కాదు, నారుదే. నారు బ్రిసేయ్దాది కాబట్టి దోషం బ్రిసేయ్దాదే అని తర్కించారు. పూజలో పాటలాగా ఆ తర్కాన్ని అందరూ ఒకే గొంతుతో చెప్పుకున్నారు. ప్రతి మెట్టూ సరిగానే ఉన్న తర్కం తప్పు గుమ్మానికి చేర్చగలదని ఎవరికీ తోచలేదు. న్యాయం తప్పిన చోట నేను తరచుగా చూసింది ఇదే. అక్కడ అబద్ధం కంటే తొందర ఎక్కువగా ఉంటుంది.

"నేను తెలిసి ఇవ్వలేదు," అన్నాడు ఆయన.

"అది నమ్ముతాను. మంచి మనసుతోనే ఇచ్చారు. రేపు సంఘం ముందు ఆ మాటే చెప్పండి. తెలియక జరిగిందనండి. ఎవరూ మిమ్మల్ని రాళ్ళతో కొట్టరు."

"నేనెందుకు చెప్పాలి? నేను మీకేమైనా అమ్మానా? సాన్ ఇసిద్రోకి ఇచ్చాను. సాన్ ఇసిద్రో మీకిచ్చాడు. ఫిర్యాదుంటే ఆయనతో చెప్పుకోండి, గుళ్ళోనే ఉంటాడు."

"హాస్యానికి రాలేదు నేను."

"నేనూ హాస్యమాడట్లేదు." ఆయన తల ఎత్తి మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. "ఆ రోజు బండి దించుతూ నేనే అడిగాను మిమ్మల్ని. గుర్తుందా? 'చిక్కుళ్ళతో అడగరా?' అన్నాను. మీరేమన్నారు?"

ఒటిలియా కంచె దగ్గరి ఆవుల వైపు చూసింది.

"నేను చెప్తా వినండి. 'ఫాదర్ అడిగారు, పరలోకం ఔనంది, ఇక చిక్కుళ్ళ సలహా ఎందుకు?' అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మీరైతే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు."

అప్పుడు గుర్తు వచ్చింది ఆమెకు. మాట మాత్రమే కాదు, ఆ నవ్వు కూడా, తన దుడుకుదనంతో సహా గుర్తు వచ్చింది. డోలు మోగుతున్నది, టపాసులు పేలుతున్నాయి, ఎద్దుల కొమ్ములకు కట్టిన కాగితాలు గాలికి కొట్టుకుంటున్నాయి, అంత మందిలో ఆ చమత్కారం తన నోట ఎంత ఇంపుగా పలికిందో ఆమెకు గుర్తు వచ్చింది. నలుగురూ మెచ్చిన మాట కావడం చేత అది ఆ సాయంత్రమే ఊరంతా తిరిగింది. చిక్కుళ్ళు అడగాలని మనసులో అనుకున్నవాళ్ళు కూడా డబ్బాలు తిరిగి చూరు కింద పెట్టేశారు. తల్లి ఒక్కొక్క వేలు పట్టి నేర్పిన విద్యను కూతురు ఒక్క నవ్వుతో కొట్టివేసింది. పైగా దానికి భక్తి అని పేరు పెట్టింది.

"అన్నాను," అన్నది ఆమె. "రేపు అది కూడా చెప్తాను."

"ఎందుకొచ్చిన గొడవ?" ఆయన గొంతు తగ్గించాడు. ఇప్పుడు ఆ గొంతులో నిజమైన సానుభూతి ఉన్నది, అదే ఆమెను ఎక్కువగా భయపెట్టింది. "ఆ పిల్ల బయటిది. దీవించిన నీళ్ళను నమ్మని హల్లెలూయా వాళ్ళింటి నుంచి వచ్చింది. రేపు పొమ్మంటే తన వాళ్ళ దగ్గరికి పోతుంది, వాళ్ళకి ఎక్కడో ఒకచోట పాట పాడుకోడానికి చోటుంటుంది. ఊరు ఊరుగా ఉంటుంది. మందు మట్టిలో ఎన్నాళ్ళుంటుంది? ఎండకీ వానకీ విరిగిపోతుంది. వచ్చే పండుగకి శుభ్రమైన ఎరువిస్తా. మీ ఇష్టమొచ్చినన్ని చిక్కుళ్ళతో అడుక్కోండి."

"మీరు చేసిందానికీ నేను చెయ్యనిదానికీ కలిపి మూడో మనిషి ఊరొదలాలా? ఆ న్యాయం నాకు మఠంలో సిస్టర్లు నేర్పలేదు."

"మఠంలో ఆవుల్ని మేపడం కూడా నేర్పలేదుగా."

"నేర్పలేదు. ఒప్పుకోవడం నేర్పారు."

ఆయన లేచి నిలబడ్డాడు. సానుభూతి మాయమైంది.

"సరే. ఒకటి విని వెళ్ళండి. మందు తొట్టి నేను మోశానా? పనివాళ్ళు మోశారు. ఎంత నీళ్ళకి ఎంత కలిపారో, ఎక్కడ ఎంత కొట్టారో నేను దగ్గరుండి చూశానా? రేపు మీరు నా పేరెత్తితే నేను కొట్టినవాడి పేరెత్తుతా. అప్పుడు ఏడ్చేది నేను కాదు. మీరే."

ఆ మాట అర్థం ఆమెకు అప్పుడు తెలియలేదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా. కోపంతో ఉన్న మనిషి బెదిరింపును వింటాడు గాని అందులోని సమాచారాన్ని వినడు. మెట్లు దిగుతూ, కొట్టం వెనుక ఇంకా కొండలా నిలిచి ఉన్న ఎరువు కుప్పను చూసి మాత్రం ఆగింది.

"ఆ కుప్పని కదపకండి."

"నా పెరట్లో ఉన్నదానికి కూడా సంఘం అనుమతి కావాలా?" అన్నాడు ఆయన, ఉప్పు గంపను ఎత్తుకుంటూ.

బ్రిసేయ్దా నారుమడి ఊరికి దిగువన, వాగు మలుపు దగ్గర ఉన్నది. దాని వెనుకనే, కుస్తోదియో ఇచ్చిన జాగాలో, ఇల్లు. బ్రిసేయ్దా పెళ్ళి చేసుకుని ఈ కొండకు వచ్చినప్పుడు గుళ్ళో ఆమె పక్కన సాక్షిగా నిలబడడానికి ఒక్క ఆడది ముందుకు రాలేదు. ఒటిలియా వచ్చింది. తరువాత ఆమె బిడ్డకు జ్ఞానస్నాన సమయంలో జ్ఞానతల్లిగా నిలిచింది. అప్పటి నుంచి ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు. రక్తసంబంధం కంటే బరువైన పిలుపు అది. దేవుని ముందు ఒప్పుకున్నది గనుక విడదీసుకోవడానికి వీలు లేనిది.

నారుమడి పైకప్పు అప్పటికే విప్పి ఉన్నది. బ్రిసేయ్దా ప్లాస్టిక్ పట్టాను ఒక అంచు కాలితో తొక్కి, రెండో అంచు చేతులతో లాగి, చదునుగా మడుస్తున్నది.

"రండి, కొమాద్రే. కూర్చోమందామంటే బల్ల కూడా కట్టేశాను. ఆ బకెట్టు బోర్లించుకోండి."

"సంఘం రేపు కదా. ఇవాళే ఎందుకు కట్టావు?"

"రేపు అందరూ చూస్తుండగా కట్టుకునేకంటే ఇవాళ కట్టుకుంటే నయం కదా. ఏడిస్తే పట్టా ఒక్కటే చూస్తుంది."

"కట్టినవన్నీ విప్పు." ఒటిలియా బకెట్టు మీద కూర్చోలేదు. "నీ నారు తప్పు కాదు. ఎరువుది. కుస్తోదియో పచ్చికకి కలుపుమందు కొట్టించాడు. అది పేడలోంచి మన మళ్ళల్లోకి వచ్చింది. ఇప్పుడే ఆయన నోటితో అనిపించి వస్తున్నాను."

ఆ మాటకు ఆమె చేతిలోని పట్టా జారిపడుతుందని, కళ్ళు తుడుచుకుంటుందని, తనను కౌగిలించుకుంటుందని ఒటిలియా దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. మనిషి తప్పు దిద్దుకోవడానికి బయలుదేరినప్పుడు కూడా కృతజ్ఞత కోసం ఒక మూల చోటు ఉంచుకుంటాడు. బ్రిసేయ్దా పట్టాను ఇంకొక మడత మడిచింది.

"తెలుసు," అన్నది.

"ఏం తెలుసు?"

బ్రిసేయ్దా పట్టాను నేల మీద పెట్టి, ఇంటి కిటికీ వైపు చూపించింది. ఊచల చుట్టూ ఒక చిక్కుడు తీగ అల్లుకుని ఉన్నది. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ ఆ తీగను ఎన్నిసార్లు చూశారో; అందం కోసం పెంచుకుంటున్నది అనుకున్నారు. కాయలు కాసి, ఎండి, తొడిమలకు వేలాడుతున్నాయి. తీగ మొదలు పాలపొడి డబ్బాలో ఉన్నది. ఆ డబ్బా వెనుక, వెలుగు పడని చోట, మరో డబ్బా ఉన్నది. బ్రిసేయ్దా దానిని తీసుకొచ్చి ఒటిలియా చేతిలో పెట్టింది. జానెడు కూడా ఎదగని ఒక ఎండుకాడ. దానికి మూడు ఆకులు. మూడూ లోపలికి ముడుచుకుని, చలికి బిగుసుకున్న వేళ్ళలా ఉన్నాయి.

ఆ డబ్బాల అర్థం ఆ కొండ మీద ఎవరికీ చెప్పనక్కరలేదు.

"ఎప్పుడు అడిగావు?" అన్నది ఒటిలియా.

"పండుగ మర్నాడే. మా పుట్టింట్లో దీవించిన నీళ్ళూ లేవు, చిక్కుళ్ళూ లేవు, కొమాద్రే. రెండూ మీ దగ్గరే నేర్చుకున్నాను. ఊరందరికీ నారు పోసేది నేను కదా, నా మొక్కలు ఆ మట్టిలోకే పోతాయి కదా అని, ఒక్కసారి అడిగి చూద్దామనుకున్నాను. కాదంది."

"కాదంటే నాకెందుకు చెప్పలేదు?" ఆ గొంతు తనకు తెలియకుండానే సంఘం అధ్యక్షురాలి గొంతు అయింది.

"చెప్పడానికి వచ్చాను. మూడో ఆకు విచ్చాక, దివ్యసత్ప్రసాద పండుగ ముందు. మీరు గుళ్ళో సాన్ ఇసిద్రో విగ్రహం అంగీ తీసి ఇంకోటి తొడుగుతున్నారు. ఈ డబ్బానే శాలువా కింద పెట్టుకుని వచ్చాను. 'కొమాద్రే, ఎరువు సంగతి' అన్నాను. అంతే అన్నాను."

ఒటిలియా అడగలేదు. అడగకపోయినా జవాబు వచ్చింది.

"మీరు వెనక్కి కూడా తిరగలేదు. 'దీవించినదాన్ని అనుమానించే బుద్ధి పుట్టింట్లోనే వదిలి రావాలి బ్రిసేయ్దా, నీ కోసం ఈ గుళ్ళో నిలబడింది నేను, నా తల దించకు' అన్నారు. గుండుసూదులు పళ్ళమధ్య పెట్టుకుని అన్నారు. నేను డబ్బా బయటికి తియ్యలేదు."

"అప్పటికి..."

"అప్పటికి సగం మంది చల్లారు. సగం మంది చల్లలేదు."

ఆ రోజు విని ఉంటే దక్కేది సగం ఊరు. ఒటిలియా ఆ సగంలో ఉన్న పేర్లను తలచుకోకుండా ఉండాలని ప్రయత్నించింది, కాని పేర్లు వాటంతటవే వరుసగా వచ్చాయి, రోజూ జపమాలలో పూసలు వేలి కిందికి వచ్చినట్టు. తన తమ్ముడి మడి ఆ సగంలోనే ఉన్నది.

"మరి నీ మడిలో నువ్వెందుకు చల్లావు? తెలిసి తెలిసి?"

బ్రిసేయ్దా నవ్వింది. అందులో సంతోషం లేదు, ఎగతాళి కూడా లేదు.

"అందరూ చల్లుతుంటే హల్లెలూయా వాళ్ళమ్మాయి ఒక్కతే చల్లకపోతే ఏమనేవాళ్ళు? ముందు మీరేమనేవాళ్ళు?"

ఒటిలియా చిన్నప్పుడు మఠంలో ప్రతి ఉదయం గుండె మీద చెయ్యి వేసుకుని తన తప్పులు ఒప్పుకునే ప్రార్థన చెప్పేది. తలపులో చేసినవి, మాటలో చేసినవి, చేతల్లో చేసినవి, చేయవలసి ఉండీ చేయక మానినవి. ఆ చివరి మాట దగ్గర పిల్లలంతా తొందరపడేవారు. ఆ తరువాత రొట్టె పెడతారు గనుక. ఒక జీవితకాలం పాటు తాను కూడా ఆ మాటను తొందరగానే దాటుకుంటూ వచ్చానని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"రేపు ఈ డబ్బా పట్టుకుని నిలబడతాను," అన్నది. "నా తప్పు నేను చెప్తాను. కుస్తోదియో తప్పు కుస్తోదియోకి అప్పగిస్తాను. నీ నారుమడి జోలికి ఎవరొస్తారో చూస్తాను."

"వద్దు, కొమాద్రే."

"ఏం వద్దు?"

"డబ్బా ఇక్కడ పెట్టి వెళ్ళండి." బ్రిసేయ్దా ఆమె చేతులను తన చేతులతో కప్పింది. మట్టితో గరుకుదేలిన అరచేతులు. "ఆ మందు తొట్టి మోసింది నొల్బెర్తో."

నొల్బెర్తో ఆమె భర్త. కుస్తోదియో మకాములో పనివాడు.

"ఆయన కొట్టమన్నాడు, ఈయన కొట్టాడు. ఎంత కలపమంటే అంతే కలిపాడు. కాని రేపు కుస్తోదియో లేచి ఏమంటాడు? నేనో మాట చెప్తే వీడో పని చేశాడంటాడు. ఎవరి మాట నమ్ముతారు? నారు తప్పయితే పోయేది నేనొక్కదాన్ని. నారు ఎక్కడైనా పోసుకుంటాను. మందు తప్పయితే ఈయన్ని ఈ కొండ మీద ఎవడూ పనిలో పెట్టుకోడు. ఈ ఇల్లు కూడా కుస్తోదియో జాగాలోనే ఉంది. నేను ఒప్పుకుంటాను, కొమాద్రే. రేపు తప్పు నాదే అని ఒప్పుకుని పోతాను. మీరు ఊరుకోండి చాలు."

మీరే ఏడుస్తారు అన్న కుస్తోదియో మాట ఇప్పుడు పూర్తిగా వినిపించింది ఒటిలియాకు. డబ్బా ఆమె చేతిలో చాలా తేలికగా ఉన్నది. ఎండిన మన్ను, ఎండిన కాడ. దానిని కిటికీలో తిరిగి పెట్టడానికి ఒక్క అడుగు చాలు. ఆ అడుగు వేస్తే తన చమత్కారం సంగతి ఎవరికీ తెలియదు, గుళ్ళో అన్న మాట ఎవరికీ తెలియదు. ఈ మేలు తనకు చేస్తున్నది తాను అందరికంటే ఎక్కువగా అన్యాయం చేసిన మనిషే. కొన్ని క్షణాలు ఆమె నిజంగానే కిటికీ వైపు చూసింది. ఆ క్షణాలను నేను దాచను.

బాట మీద బూట్ల చప్పుడు అయింది. నొల్బెర్తో వచ్చాడు. సన్నని మనిషి, మోకాళ్ళ దాకా నల్లని ఎరువు అంటుకుని ఉన్నది. ఒటిలియాను చూసి టోపీ తీశాడు. ఆమె చేతిలో ఏముందో చూడలేదు.

"అమ్మా, నమస్కారం. బ్రిసే, రేపు పూజకి నేను రాలేనేమో. నువ్వు పాపని తీసుకుని వెళ్ళు."

"సంఘానికి కూడా రావా?" అన్నది బ్రిసేయ్దా. "నా పక్కన నిలబడతానన్నావు."

"ఏం చెయ్యను? మధ్యాహ్నం ఉన్నట్టుండి దోన్ కుస్తోదియోకి ఏం బుద్ధి పుట్టిందో, కొట్టం వెనక కుప్పంతా లారీకి ఎత్తమన్నాడు. సగం ఎత్తాం. మిగతాది తెల్లారేలోగా ఎత్తాలి. పొద్దున్నే బయలుదేరాలి."

"ఎక్కడికి?" అన్నది ఒటిలియా.

"లాస్ హుంతాస్‌కి. వాళ్ళ సాన్ రోకె పండుగ వస్తోంది కదా. గుడికి కానుకట. అక్కడి ఫాదర్ దీవించి పంచుతాడట." నొల్బెర్తో ఒక బూటును రాతికి వేసి కొట్టాడు. ఎరువు పొడిపొడిగా రాలింది. "మంచి మనసు లెండి ఆయనది. నిరుడు వాళ్ళ నేల పాపం ఏమీ పండలేదు."

ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపుల్లో ఏదో తప్పు ఉన్నదని అతనికి అర్థమై, భార్య ముఖంలోకి చూశాడు. ఆ తరువాతే డబ్బాను చూశాడు.

"లాస్ హుంతాస్ వాళ్ళు ఏం వేస్తున్నారు?" అని ఒటిలియా అడిగింది. జవాబు ఆమెకు తెలుసు.

"చిక్కుడు," అన్నది బ్రిసేయ్దా నెమ్మదిగా. "పై మళ్ళల్లో టమాటా. నారు నా దగ్గరే తీసుకెళ్ళారు." ఆమె మడిచిపెట్టిన పట్టాను చూసింది, కట్టిపెట్టిన బల్లను చూసింది. తాను ఎక్కడికి పోయినా తనకంటే ముందు వెళ్ళి కూర్చోబోయే నిందను చూస్తున్నట్టు చూసింది.

గుళ్ళో సాయంకాలపు గంట మొదలైంది. ఒటిలియా డబ్బాను రువానా కిందికి, గుండెకు దగ్గరగా తీసుకున్నది. ఇక్కడ పెట్టి వెళ్ళండి అన్న మాట బ్రిసేయ్దా మళ్ళీ అనలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి, ఊచల చుట్టూ బిగుసుకున్న ఎండుతీగను ఒక్కొక్క చుట్టే, కాయలు రాలకుండా విప్పింది. ఉత్త మన్ను పోసిన ఆ రెండో డబ్బాను రెండు చేతులా పట్టుకుని వచ్చింది.

"ఒక్కటే చూపిస్తే ఎవరూ నమ్మరు, కొమాద్రే," అన్నది. "రెండూ పక్కపక్కన ఉండాలి."

కాని ఆ డబ్బాను ఆమె ఒటిలియాకు ఇవ్వలేదు. భర్త ముందు నిలబడి, రేపు సంఘంలో పట్టుకోవలసింది నువ్వే అన్నట్టు, అతని వైపు చాచింది.

నొల్బెర్తో దానిని చూశాడు. ఎరువు అంటిన అతని చేతులు ఇంకా పక్కలకు వేలాడుతూనే ఉన్నాయి. పైన మకాము నుంచి లారీ హారను, ఇంకా రాలేదేమని అడుగుతున్నట్టు, ఒకసారి మోగింది. తరువాత ఇంకొకసారి మోగింది.